పట్టా మీద గుంటలు ఎవరు తవ్వారు?

పాఠకుల ప్రశ్నలకు, రైలు పట్టాల బాగోగులు చూసిన ఓ రిటైర్డ్ పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్ జవాబులు

ప్రశ్న: ఇన్‌స్పెక్టర్ గారూ, నమస్కారం. మాది కొత్తవలస–కిరండూల్ లైను పక్కన ఊరు. మొన్న స్టేషన్ చివర సిగ్నల్ దగ్గర పట్టా మీద ఓ విచిత్రం చూశాను. గరిటెతో తీసినట్టు నున్నటి గుంటలు. వరసగా మూడు, బాగా ఎడం ఇచ్చి మళ్ళీ మూడు. రెండో పట్టా మీద కూడా సరిగ్గా ఎదురెదురుగా అలాగే ఉన్నాయి. గుంటకీ గుంటకీ మధ్య నా జానతో ఎనిమిది జానలు వచ్చింది. ఊళ్ళో కొందరు గ్యాస్ కట్టర్‌తో ఎవరో కోశారంటున్నారు. మా బాబాయి అయితే పిడుగు పడిందని తేల్చేశాడు. ఫొటో పంపుతున్నాను. ఏమై ఉంటుంది?
— ఎస్. కె., అరకు ప్రాంతం

జవాబు: ముందు మీ చేతికి ఓ దణ్ణం. ఫొటోలు పంపేవాళ్ళు చాలామందే ఉన్నారు. జానతో కొలిచి రాసింది మాత్రం మీరొక్కరే. సగం జవాబు ఆ ఎనిమిది జానల్లోనే ఉంది. (కొలవడానికి పట్టాల మీదకి వెళ్ళినందుకు తిట్టాలి కూడా. చివర్లో తిడతాను.)

మీ బాబాయి గారి పిడుగు సంగతి తీసేద్దాం. పిడుగు జానలు లెక్కపెట్టుకుని పడదు. గ్యాస్ కట్టర్ అనుకుంటే, దాంతో కోసినచోట అంచులు గరుకుగా ఉంటాయి, కరిగిన ఇనుము బొట్లు బొట్లుగా కింద గడ్డకట్టి ఉంటుంది. మీ ఫొటోలో గుంట అంచు పళ్ళెం అంచులా నున్నగా ఉంది. పైగా పట్టా కోయాలనుకున్నవాడు ఒకచోట కోస్తాడు గానీ, పన్నెండు చోట్ల పైపైన గీరి వదిలేసి పోతాడా?

ఇప్పుడు ఎదురెదురుగా ఉండటం సంగతి. రెండు పట్టాల మీదా ఒకే వరసలో దెబ్బ పడిందంటే, ఆ రెంటినీ ఒకేసారి తాకినది ఏదో ఉండాలి. రైలు చక్రాలు సైకిల్ చక్రాల్లా విడివిడిగా తిరగవు. ఎడమ చక్రం, కుడి చక్రం ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి. ఒకటి తిరిగితే రెండోదీ తిరగాల్సిందే. కాబట్టి మీరు చూసిన ఒక్కో జత ఒక్కో ఇరుసు. మూడు ఇరుసులు, ఎడం, మళ్ళీ మూడు ఇరుసులు. పెట్టెలకీ వ్యాగన్లకీ ఒక్కో బోగీలో (బోగీ అంటే ఇక్కడ పెట్టె కాదు, దాని కింద ఇరుసులు బిగించే చట్రం) రెండేసి ఇరుసులే ఉంటాయి. మూడేసి ఉండేది ఇంజన్‌కి. మీ లైన్లో గూడ్స్ లాగే డబ్ల్యు.ఎ.జి-9 ఇంజన్ బోగీలో ఇరుసుకీ ఇరుసుకీ మధ్య దూరం 1850 మిల్లీమీటర్లు. మీ ఎనిమిది జానలు లెక్క కట్టుకోండి. నా జానతో అయితే 1840 వచ్చింది. మా ఆవిడ టేపు తెచ్చి మరీ చూసింది.

అంటే ఓ ఇంజన్ అక్కడ నిలబడి, కదలకుండా, చక్రాలు మాత్రం గిర్రున తిప్పింది. దీన్ని మేం ‘వీల్ బర్న్’ అంటాం. చక్రం కాల్చిన మచ్చ అనుకోండి. బురదలో దిగబడిన లారీ ఎలా ఉంటుంది? యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ టైరు అక్కడే తిరిగి గొయ్యి తవ్వుతుంది కదా. ఇదీ అంతే. కాకపోతే ఇక్కడ ఉక్కుని ఉక్కు తవ్వింది.

కొత్తగా చేరిన గ్యాంగ్‌మన్‌లకి నేనొక లెక్క చెప్పేవాణ్ణి. బండి కదులుతూ చక్రం బిగుసుకుపోతే దెబ్బ చక్రానికి. బండి ఆగి చక్రం తిరిగితే దెబ్బ పట్టాకి. బ్రేక్ పట్టేసి చక్రం ఈడ్చుకుపోతే, చక్రంలో ఒకే చోటు అరిగి చదును అవుతుంది. పట్టా మీద అరుగుదల పొడవునా పంచుకుపోతుంది గనక అక్కడ పెద్దగా ఏమీ కనపడదు. ఆ చదునైన చక్రం తర్వాత ప్రయాణమంతా టకటకమని కొట్టుకుంటూ పోతుంది. రాత్రి బెర్తు మీద పడుకున్నప్పుడు మీరూ వినే ఉంటారు.

మరి ఇంజన్ కదలకుండా చక్రం ఎందుకు తిరిగింది? మీ కొండల్లో ఎత్తు 60 అడుగులకి ఒక అడుగు. రైలుకి అది పెద్ద ఎక్కుడే. పొద్దున మంచు పడి పట్టా తడిగా ఉందనుకోండి, లేదా ఆకులు నలిగి జిడ్డు పట్టిందనుకోండి. పైన ఇనుప ఖనిజం నింపిన వ్యాగన్లు. వెనక ఏదో వ్యాగన్‌కి బ్రేక్ పూర్తిగా వదల్లేదు. డ్రైవర్ పవర్ ఇస్తాడు, బండి రాదు, చక్రం జారుతుంది. కొత్త ఇంజన్లలో జారుడు కనిపెట్టి పవర్ తగ్గించే ఏర్పాటు ఉంది, అది ఎప్పుడూ ఒకేలా కాపాడుతుందని అనుకోకండి. రెండు మూడు ఇంజన్లు జతచేసి లాగేటప్పుడు డ్రైవర్ ముందు ఇంజన్లో ఉంటాడు. వెనక ఇంజన్ చక్రాలు తిరుగుతున్నాయని చీకట్లో, వానలో, ఆయనకి వెంటనే తెలియకపోవచ్చు.

ఓ పరీక్ష చెబుతాను. ఇంకోసారి ప్లాట్‌ఫామ్ చివర నుంచి చూడండి. గుంటల చుట్టూ తెల్లటి సన్నని పొడి ఉందా? ఇంజన్లో ఇసుక డబ్బాలు ఉంటాయి. చక్రం జారినప్పుడు పట్టు కోసం చక్రం ముందు ఇసుక పోస్తారు. చక్రం కింద నలిగితే అది ముగ్గుపిండిలా అవుతుంది. ఆ పొడి కనిపిస్తే డ్రైవర్ పాపం తంటాలు పడ్డాడని అర్థం. రెండు వానలు పడ్డాక వెళితే అది ఉండదు. అందుకే నా సెక్షన్లో ఏ దెబ్బ కనిపించినా, చీపురు పట్టుకుని ముందుకొచ్చేవాణ్ణి ముందు ఆపేవాణ్ణి.

ఇక అసలు భయం గుంట లోతు కాదు. కమ్మరి కొడవలిని కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళతొట్టిలో ముంచుతాడు చూడండి. గట్టిపడుతుంది, కానీ ఎక్కువైతే పెళుసెక్కి పుటుక్కున విరుగుతుంది. పట్టాలో కూడా అదే జరిగింది. చక్రం రాపిడికి పైపొర ఎర్రబడింది. ఆపగానే కింద ఉన్న చల్లటి ఉక్కే ఆ వేడిని ఒక్క గుక్కలో లాగేసింది. నీళ్ళతొట్టి అవసరం లేకపోయింది. ఆ పైపొర గాజులా పెళుసవుతుంది. దాన్ని మార్టెన్‌సైట్ అంటారు. తర్వాత వచ్చే ప్రతి చక్రమూ ఆ గుంటలో దిగి అంచుని కొడుతుంది. కొన్నాళ్ళకి పెళుసు పొర కింద వెంట్రుక లాంటి పగులు పుడుతుంది. ఇంకో చిక్కు: పట్టా లోపలి పగుళ్ళు పట్టే అల్ట్రాసోనిక్ యంత్రం తరంగాలు పైనుంచే లోపలికి దిగాలి. పైభాగం గుంటపడి చెదిరి ఉంటే అవి సరిగా దిగవు. గుంట కింద ఏముందో యంత్రానికి కనపడదు. అందుకే తక్కువ లోతైతే గ్రైండ్ చేస్తారు, లేదా వెల్డింగ్‌తో నింపి మళ్ళీ చదును చేస్తారు. లోతుగా ఉంటే ఆ ముక్క కోసేసి కొత్తది వేయడమే.

మీరు స్టేషన్ మాస్టర్‌కి చెప్పే ఉంటారనుకుంటాను. చెప్పకపోతే ఇవాళే చెప్పండి. ఇక తిట్టు: పట్టాల మధ్య కూర్చుని జానలు కొలవడం మా ఉద్యోగం, అదీ ఎర్రజెండా పట్టుకుని పక్కన ఒకడు కాపలా ఉంటేనే. మళ్ళీ వెళ్ళకండి.

ప్రశ్న: అంకుల్, పట్టా మీద రూపాయి బిళ్ళ పెడితే రైలు పడిపోతుందా? మా అన్నయ్య పడిపోతుందన్నాడు.
— ఏడో తరగతి విద్యార్థి, తెనాలి

జవాబు: పడిపోదు. బిళ్ళ అప్పడం అవుతుంది, అంతే. కానీ అది చక్రం కింద నుంచి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని ఏరుకోవడానికి వంగిన పిల్లవాడికి పక్క లైన్లో వచ్చే బండి చప్పుడు వినపడదు. అలాంటి చోటికి నేను ఒకసారి వెళ్ళాల్సి వచ్చింది. ఆ సంగతి ఇక్కడ రాయను. మీ అన్నయ్యకి చెప్పు, రూపాయితో చాక్లెట్ కొనుక్కోమను.

ప్రశ్న: మా అమ్మాయి న్యూజిలాండ్‌లో ఉంటుంది. క్రైస్ట్‌చర్చ్ భూకంపం నాటి ఒక ఫొటో చూపించింది. రైలు పట్టాలు పాము మెలికలు తిరిగినట్టు ఉన్నాయి. కంకర, పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు అన్నీ వాటితోనే పక్కకి జరిగాయి. అచ్చం ఇలాంటిదే ఎండాకాలంలో మన దగ్గర జరిగిందని పేపర్లో చూశాను. ఫొటోలోది కూడా ఎండకి వంగిందేమోనని నేను, కాదు భూకంపమేనని మా అల్లుడు. ఎవరు గెలిచారు?
— వి. ఆర్., రాజమహేంద్రవరం

జవాబు: అల్లుడు గారు గెలిచారు. అయినా మీరు పూర్తిగా ఓడిపోలేదు.

ఫొటో చూసి ఏ పట్టా ఎందుకు వంగిందో చెప్పాలంటే, ముందు గడియారం చూడాలి. ఆ భూకంపం 2010 సెప్టెంబర్ 4న తెల్లవారుజామున 4 గంటల 35 నిమిషాలకి వచ్చింది. తీవ్రత 7.1. సెప్టెంబర్ అంటే వాళ్ళకి చలికాలం అప్పుడే పోతున్న రోజులు. ఆ వేళకి పట్టా చల్లగా ఉంటుంది. చల్లటి పట్టా కుంచించుకోవాలని చూస్తుంది గానీ, పొడుగై వంకర్లు పోదు. కాబట్టి ఎండ ముద్దాయి కాదు.

మరి అదే ఆకారం ఎలా వచ్చింది? ఒక వెదురుబద్దని రెండు చేతుల మధ్య పెట్టి రెండు వైపుల నుంచీ నొక్కండి. ఓ హద్దు దాకా నిటారుగా ఉండి, ఒక్కసారిగా పక్కకి విల్లులా వంగుతుంది. ఎండాకాలంలో చేతులు ఉన్నచోటే ఉంటాయి, బద్దే పొడుగవ్వాలని చూస్తుంది. భూకంపంలో బద్ద పొడుగు మారదు, చేతులే దగ్గరికి వస్తాయి. క్రైస్ట్‌చర్చ్ పడమర మైదానంలో గ్రీన్‌డేల్ ఫాల్ట్ అనే పగులు నేల మీదకి తేలి, కొన్నిచోట్ల రెండు పక్కల నేల ఒకదాన్నొకటి రాసుకుంటూ నాలుగైదు మీటర్లు జరిగింది. నేల నొక్కుకుని పొట్టి అయినచోట పట్టా తన పొడుగుని ఎక్కడ దాచుకుంటుంది? పక్కకి వంకర్లు తిరిగి దాచుకుంది. ఆ రోజు నేరుగా భూకంపం వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు. 185 మందిని బలిగొన్నది తర్వాత 2011 ఫిబ్రవరి 22న వచ్చినది. చాలామంది రెంటినీ కలిపేస్తారు.

మన ఎండ లెక్క కూడా చెబుతాను, మీ వైపు కొంత న్యాయం చేసినట్టుంటుంది. ఇప్పుడు పట్టాలు చాలావరకు కిలోమీటర్ల పొడవున వెల్డ్ చేసినవే. మా చిన్నప్పటి టకటక జాయింట్లు లేవు, సాగడానికి సందులూ లేవు. మామూలుగా పట్టా వేడి 40 డిగ్రీలకి కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు దాన్ని బిగించేస్తారు. మే నెల మధ్యాహ్నం గాలి 45 ఉంటే పట్టా 65 దాటుతుంది. వదిలేస్తే కిలోమీటర్ పట్టా 25 డిగ్రీలకి దాదాపు 29 సెంటీమీటర్లు సాగుతుంది. క్లిప్పులు, స్లీపర్లు, కంకర దాన్ని సాగనివ్వవు. ఆ కోపమంతా పట్టా లోపలే ఉండిపోతుంది. మీటరుకి 60 కిలోలు తూగే పట్టాలో ఒక్కో డిగ్రీకి 1.9 టన్నుల బలం. 25 డిగ్రీలకి 47 టన్నుల పైన, అదీ ఒక్కో పట్టాలో. పక్కన కంకర భుజం సరిగా లేకపోతే, లేదా ఎవరో ఎండవేళ కంకర కదిపి పనిచేస్తే, ఒక్క క్షణంలో పాము అవుతుంది. అందుకే నడివేసవిలో మధ్యాహ్నం పూట నెత్తిన తడిగుడ్డ వేసుకుని లైను వెంట నడిచే మనిషి కనిపిస్తాడు. మీరు ఏసీ పెట్టె అద్దంలోంచి చూసి ‘ఈ ఎండలో ఎక్కడికయ్యా’ అనుకుంటారు. మీ కోసమే.

ప్రశ్న: సార్, ఎక్కడ పట్టా విరిగినా మొదట వినిపించే మాట ‘కుట్ర’. టీవీలో గంటకి ఓ రకంగా చెబుతారు. నిజంగా ఎవరైనా విరగ్గొట్టారా, దానంతటదే విరిగిందా అన్నది ఎలా తెలుస్తుంది? వింటుంటేనే టెన్షన్‌గా ఉంది.
— ఎం., వరంగల్

జవాబు: నా సర్వీసులో ఓ డిసెంబర్ తెల్లవారుజాము. ఏ సెక్షనో చెప్పను. పట్టా బిగింపులు రోజూ చూసే కీమ్యాన్ తన బీట్‌లో నడుస్తూ పట్టా విరిగి ఉండటం చూశాడు. రెండు కొనల మధ్య మూడు వేళ్ళ సందు. ఆయన యాభై దాటిన మనిషి. అయినా బండి వచ్చే వైపు పరుగెత్తి, 1200 మీటర్ల దూరంలో పదేసి మీటర్లకొకటి చొప్పున మూడు డిటోనేటర్లు పట్టా మీద పెట్టాడు. చక్రం కింద అవి పేలగానే డ్రైవర్ బ్రేక్ వేస్తాడు. బండి ఆగింది. నేను ట్రాలీ మీద వెళ్ళేసరికి జనం, పోలీసులు, ఓ కుక్క. ‘మూడు వేళ్ళ సందు ఎలా వచ్చిందండీ, ఎవరో రంపంతో కోసి ముక్క పట్టుకుపోయారు’ అని ఒక పెద్దమనిషి. కుక్క మాత్రం నేరుగా గ్యాంగ్‌మన్ టిఫిన్ క్యారియర్ దగ్గరికి వెళ్ళింది.

నేను చేసిందల్లా టార్చి తెప్పించుకుని విరిగిన మొహం చూడటం. రంపం కోస్తే మొహం మీద సన్నటి గీతలు వరసగా ఉంటాయి. ఇక్కడ లేవు. పైభాగం పటికబెల్లం ముక్క విరిచినట్టు పలుకులు పలుకులుగా తళతళలాడుతోంది. అంటే ఆ భాగం ఆ రాత్రే విరిగింది. కింద, స్లీపర్ మీద ఆనే పాదం దగ్గర, అర్ధచంద్రంలా ఓ మచ్చ. నల్లగా, తుప్పు రంగులో. ఆ మచ్చ ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. గాలి, నీళ్ళు నెలల తరబడి లోపలికి వెళితేనే ఆ రంగు. పగులు అక్కడ పుట్టి, రోజుకి కొంచెం కొంచెం పైకి పాకి, మిగిలిన ఉక్కు చాలక ఆ రాత్రి ఒక్కసారిగా తెగింది.

మరి సందు? ఎండలో నొక్కుకునే పట్టానే చలిలో లాక్కుంటుంది. బాగా బిగించిన తీగ తెగితే రెండు కొనలూ వెనక్కి పోతాయి. మూడు వేళ్ళు అలా వచ్చినవే. ఎవరూ ముక్క పట్టుకుపోలేదు.

పాదం దగ్గరే తుప్పు ఎందుకు పట్టిందంటే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. అప్పట్లో పెట్టెల మరుగుదొడ్లు నేరుగా పట్టాల మీదకే. అది స్టేషన్‌కి దగ్గర చోటు. బండ్లు మెల్లగా వచ్చేది, ఆగేది అక్కడే. ఆ తడి, ఉప్పు పట్టా పాదం మీద, క్లిప్పు కింద లైనర్ అనే చిన్న రేకు ఆనే చోట చేరి తినేస్తుంది. పైనుంచి చూస్తే పట్టా అద్దంలా మెరుస్తూ ఉంటుంది. క్లిప్పు విప్పి చూస్తే పాదం చెదపురుగు తిన్న తలుపులా. బయో టాయిలెట్లు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. ప్రయాణికుల శుభ్రత గురించి అందరూ మాట్లాడతారు. నాకు మాత్రం పట్టా పాదమే గుర్తొస్తుంది.

నిజంగా కుట్ర జరిగే సందర్భాలు లేవని నేను అనను. ఉన్నాయి. వాటికీ గుర్తులుంటాయి. బోల్టుని పానాతో విప్పితే మరలు చెక్కుచెదరవు, నట్టు అక్కడెక్కడో పూర్తిగా దొరుకుతుంది. పట్టాలు తప్పిన చక్రం కొట్టి తెంపితే బోల్టు వంగి, మెడ దగ్గర సాగి తెగుతుంది. క్లిప్పులు చేత్తో ఊడదీస్తే వాటి మీద దెబ్బ ఉండదు. చక్రం ఎగరగొట్టినవైతే నలిగి ఉంటాయి. స్లీపర్ల మీద చక్రం అంచు దెబ్బలు ఎక్కడ మొదలయ్యాయో, పట్టా నెత్తి మీదకి చక్రం ఎక్కిన గీత ఎక్కడ ఉందో చూస్తారు. అక్కడి నుంచి వెనక్కి కొలుచుకుంటూ వస్తారు. ముందుకి వెళ్ళేకొద్దీ విరిగినవన్నీ ప్రమాదం వల్ల విరిగినవే. ప్రమాదానికి ముందే విరిగినది వెనక ఉంటుంది. టీవీ కెమెరాలు ఎప్పుడూ ముందు వైపే ఉంటాయి, పడిన పెట్టెలు అక్కడే కదా.

ఇంగ్లండ్‌లో హాట్‌ఫీల్డ్ దగ్గర 2000 అక్టోబర్ 17న లండన్ నుంచి లీడ్స్ వెళ్ళే రైలు పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. కింద పట్టా 300 ముక్కలకి పైగా అయింది. ముక్కలన్నీ ఏరి, మన పిల్లలు బొమ్మల అట్టముక్కలు కలిపినట్టు, వరసగా పేర్చి చూశారు. పట్టా లోపలి అంచున, చక్రం రాసుకునే మూల దగ్గర, వేల చక్రాల ఒత్తిడికి పుట్టిన పగుళ్ళు. పాతవి. ఆ పట్టా బాగాలేదని ముందే తెలుసు. మార్చడానికి కొత్త పట్టా తెచ్చి నెలల ముందే లైను పక్కన పెట్టారు. వేయడమే జరగలేదు. ఈ సంగతి చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా లైను పక్కన కూడా ఎన్నోసార్లు కొత్త పట్టాలు పడి ఉండేవి, బ్లాక్ దొరక్క. బ్లాక్ అంటే పని కోసం బండ్లు ఆపి ఇచ్చే సమయం. అది అడిగితే వచ్చేది కాదు, బతిమాలితే వచ్చేది.

ప్రశ్న: కోసి తీసేసిన పట్టా ముక్కలు ఏం చేస్తారు?
— కె. ఎల్., మహబూబాబాద్

జవాబు: తుక్కుగా వేలం వేస్తారు. ఇంటికి తెచ్చుకుంటే కేసు. మరి మా ఊరి బడి గంట పట్టా ముక్కే కదా అని అడక్కండి, అది నేను పుట్టకముందు నుంచీ వేపచెట్టుకి వేలాడుతోంది. ఇనుప కడ్డీతో కొడితే పొలాల దాకా వినిపించేది. నేను ఐదో తరగతిలో ఉండగా ఒకరోజు దాని గొంతు మారింది. బొంగురుగా, పగిలిన కుండ మీద కొట్టినట్టు. మాస్టారు పట్టించుకోలేదు. పదిహేను రోజులకి బోల్టు కన్నం దగ్గర విరిగి, సగం ముక్క కింద పడింది. అదృష్టం, ఆదివారం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ముసలి గ్యాంగ్‌మేట్ సుత్తితో, రెండు పట్టాల కొనల్ని కలిపే ఫిష్‌ప్లేట్ జాయింట్ మీద కొట్టి చెవి దగ్గరగా పెట్టి, ‘విన్నావా బాబూ, దీని గొంతు బాగాలేదు’ అన్నాడు. నాకు వెంటనే అర్థమైంది.